క్వేకర్ల పద్ధతిలో యూత్ క్యాంపు: కోనసీమలో ఎలా పెట్టుకోవాలంటే

యూత్ క్యాంపు అనగానే మనకి గుర్తొచ్చేది షామియానా, మైకు, ముగ్గురు ప్రసంగీకులు, ఆఖరి రోజు బిర్యానీ, గ్రూప్ ఫొటో. పొద్దున వాక్యం చదివి, ఆ వాక్యం చెప్పినట్టే ఊళ్ళో నాలుగు గంటలు ఒళ్ళొంచి పనిచేసే క్యాంపు కావాలంటే క్వేకర్ల దగ్గర మంచి పద్ధతి ఉంది. రాజోలు వైపు మేం రెండుసార్లు పెట్టాం. మొదటిసారి చెడగొట్టాం కాబట్టి ఏం చేయకూడదో గట్టిగా చెప్పగలను.

ముందు వాళ్ళెవరో రెండు ముక్కలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్‌తో మొదలైన క్రైస్తవులు వీళ్ళు, తమని తాము 'స్నేహితులు' అని పిలుచుకుంటారు. పాత పద్ధతి పాటించేవాళ్ళ ఆరాధనలో పాస్టరు ఉండడు, పాటలుండవు, అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా లోపల ప్రేరణ కలిగితే లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంటారు. పాస్టరు లేకుండా ఆరాధనేంటని మన సంఘ పెద్దలు అడ్డం తిరిగితే నరసాపురం చూపించండి. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు వచ్చినప్పటి నుంచి అక్కడి బ్రదరన్ సంఘాల్లో సహోదరులే లేచి మాట్లాడుతున్నారు కదా! (మాకు ఈ వాదన పనిచేసింది, మీకు పనిచేస్తుందని హామీ ఇవ్వలేను.)

ఏ పని చేయాలో మీరు తేల్చకండి, ఊరిని అడగండి. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి ఊళ్ళో, వెర్దున్ దగ్గర, ఇలాంటి పని శిబిరం పెట్టాడు. క్వేకర్లతో కలిసి పనిచేసిన మనిషి, తర్వాత తనే క్వేకరయ్యాడు. బీహార్‌లో 1934 భూకంపం వచ్చాక మన దేశానికి కూడా వచ్చి ఇళ్ళు కట్టించాడు. ఆ ఫ్రెంచి ఊళ్ళో మాత్రం కొన్ని నెలలకే శిబిరం ఎత్తేయాల్సొచ్చింది, ఎందుకంటే పనివాళ్ళలో జర్మన్లుండటం ఊరివాళ్ళకి మింగుడుపడలేదు. మనసు మంచిదే, అయినా ఊరు ఒప్పుకోకపోతే అంతే. మేమైతే మొదటి ఏడాది ఎవరినీ అడక్కుండా బడి గోడకి రంగులేశాం, ఓ పెద్దాయన చూసి "బాగుందండి, మరి ఆ బోదె సంగతేంటండి?" అన్నాడు. మురుగు బోదె నిండా గుర్రపుడెక్క, వానొస్తే నీళ్ళు ఇళ్ళల్లోకి.

వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక పెట్టుకుంటే బోదెల్లో నీళ్ళు తగ్గి పని తేలికవుతుంది, కాకపోతే ఎండ. ఆరింటికి దిగండి, పదింటికల్లా పైకొచ్చేయండి. సర్పంచ్‌కి, లస్కరుకి (కాలువ నీళ్ళు చూసే మనిషికి) ముందే చెప్పుకోండి. వెదురు గెడలకి కొక్కేలు కట్టి లాగాలి, చేతుల్తో పీకితే గాజుపెంకులు గుచ్చుకుంటాయి. కాలికి పుండున్న పిల్లల్ని నీళ్ళలోకి దించొద్దు. తీసిందాన్ని గట్టు అంచున పోస్తే మొదటి వానకే మళ్ళీ బోదెలో పడుతుంది, దూరంగా మోసుకెళ్ళి పేడ కలిపి కుప్పేస్తే ఎరువైనా అవుతుంది. దిగువకి నెట్టేస్తే? అదీ చేశాం. పక్క ఊరివాళ్ళు సాయంత్రం బళ్ళేసుకుని మరీ వచ్చారు.

ఇప్పుడు అసలు విషయం. మురుగులోకి ఎవరు దిగుతారు? ఏమీ అనుకోకుండా వదిలేస్తే పేట (దళితవాడ) నుంచి వచ్చిన పిల్లలు తమంతట తామే గెడ పట్టుకుంటారు, మిగతావాళ్ళు తమంతట తామే ఫొటోలు తీస్తారు, ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే రోజూ పొద్దున చీటీలు తీయండి. బోదె, వంట, బాత్రూములు, నీళ్ళు మోయడం, అన్నీ చీటీల్లోనే, నిర్వాహకుల పేర్లతో సహా. మగపిల్లలకి వంట చీటీ వస్తే ఆ పూట ఉప్మా ముద్దవుతుంది, తినాలి.

పిలుపులు కూడా అంతే. ఆనాటి క్వేకర్లు దొరనీ కూలినీ ఒకేలా 'నువ్వు' అన్నారు, పెద్దవాళ్ళ ముందు టోపీ తీయనన్నారు, దానికి దెబ్బలు తిన్నారు, జైళ్ళకెళ్ళారు. మన దగ్గర అందరినీ నువ్వంటే కొట్లాటే, పైగా ఆయ్, అండి లేకుండా మాకు మాట రాదు. అందుకే మేం తిరగేశాం: క్యాంపులో ఉన్నన్నాళ్ళూ పదహారేళ్ళ పిల్లనైనా, పాలేరు కొడుకునైనా 'మీరు', 'అండి' అనే పిలవాలి. మొదటి రోజు నవ్వుకుంటారు. మూడో రోజుకి కొందరి ముఖాల్లో తేడా కనిపిస్తుంది.

పాఠానికి యోహాను సువార్త 13, 15 అధ్యాయాలు చాలు. ఒకదాంట్లో యేసు శిష్యుల కాళ్ళు కడుగుతాడు, రెండోదాంట్లో ఇక మిమ్మల్ని దాసులనను, స్నేహితులంటానంటాడు. క్వేకర్లు తమకి పెట్టుకున్న 'స్నేహితులు' అనే పేరు వచ్చింది అక్కడి నుంచే. ప్రసంగం వద్దు, ప్రశ్న ఇవ్వండి. 'నిన్న బోదెలో మీరు దిగలేదు, ఎందుకండి?' లాంటిది. జవాబు పైకి చెప్పక్కర్లేదు, మౌనంలో కూర్చుని చూసుకోవాలి.

మౌనమే అన్నిటికంటే కష్టం. క్వేకర్లు గంటసేపు కూర్చుంటారు, మనవాళ్ళతో పది నిమిషాలతో మొదలెట్టండి. ఫోన్లన్నీ బుట్టలో వేయించండి. ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు, వదిలేయండి. ఒకరు లేచి మాట్లాడితే వెంటనే ఇంకొకరు లేచి జవాబివ్వకూడదు, కాస్త ఆగాలి. ఇద్దరు పెద్దవాళ్ళు కరచాలనం చేసుకుంటే కూటం అయిపోయినట్టు. గొంతెత్తి ప్రార్థన చేయడం అలవాటైనవాళ్ళకి ఇది ప్రార్థనలా అనిపించదు, రెండ్రోజులు ఓపిక పట్టమనండి. హిందూ కుటుంబాల పిల్లలు పనికొస్తామంటే రానివ్వండి, మౌనంలో కూర్చోవాలో వద్దో వాళ్ళిష్టం, అది తల్లిదండ్రులకి ముందే చెప్పండి.

చిన్నవి: బడిలో బస, దోమతెరలు తప్పనిసరి. కొబ్బరిచెట్ల కింద ఎవరినీ పడుకోబెట్టొద్దు. కాలువలకి నీళ్ళు ఆపేసిన రోజుల్లో ఊరి మంచినీళ్ళ చెరువు మీద పడకుండా మన నీళ్ళ టిన్నులు మనమే తెచ్చుకోవాలి.

ఇంటికెళ్ళేలోపే తిరిగొచ్చే తేదీ రాసుకోండి. గుర్రపుడెక్క అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది.