టెంపరేచర్ సెన్సర్ డిజైన్: నిద్రలో తినే కరెంట్ చూసుకోండి

చిప్ మీద టెంపరేచర్ సెన్సర్ చేయమన్నారా? స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) తర్వాత గీద్దురు గానీ, ముందు వాడేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ఎంతసేపటికోసారి చదవాలి, ఎంత చిన్న తేడా తెలియాలి? నేను మొదటి చిప్‌కి అడగలేదు. అది వ్యాక్సిన్ పెట్టెలో పెట్టే ట్యాగ్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో తెలియాలి, 0.1 డిగ్రీ తేడా పట్టుకుంటే చాలు. నేనేమో 0.02 కోసం నెలలు కూర్చున్నాను. నాయిస్ (రీడింగ్‌లో ఊగిసలాట) సగానికి తగ్గాలంటే ఎనర్జీ నాలుగింతలు కావాలి, ఐదో వంతుకు తగ్గాలంటే 25 ఇంతలు. అంటే 25 రెట్ల ఎనర్జీ ఊరికే తగలేశానన్నమాట.

కొలిచే పనికి సీమాస్‌లో (మామూలు చిప్ తయారీ పద్ధతిలో) అదనపు ఖర్చు లేకుండా దొరికే పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు రెండు చాలు. ఒకదానికి 8 రెట్ల కరెంట్ పంపితే, రెండింటి బేస్-ఎమిటర్ వోల్టేజీల తేడా గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 54 మిల్లీవోల్టులు. డిగ్రీకి పెరిగేది 0.18 మాత్రమే. ఇక ఆంప్లిఫయర్ ఆఫ్‌సెట్ (దాని ఇన్‌పుట్‌లో సహజంగా ఉండే తప్పు వోల్టేజీ) 1 మిల్లీవోల్ట్ ఉందనుకోండి, ఐదున్నర డిగ్రీలు తప్పు! అందుకే చాపింగ్ (ఇన్‌పుట్లను అటూ ఇటూ మారుస్తూ ఆఫ్‌సెట్‌ను సగటులో రద్దు చేయడం) తప్పదు. 8 రెట్లు కూడా కాగితం మీదే కచ్చితం. ఒకేలాంటి 9 కరెంట్ సోర్సులు పెట్టి, ఒకటి ఒక ట్రాన్సిస్టర్‌కి, మిగతా 8 రెండోదానికి ఇచ్చి, ఆ ఒక్కటి ఏదన్నది వంతులవారీగా మార్చండి.

ఇప్పుడు అసలు సంగతి. 1.5 వోల్టుల దగ్గర 5 మైక్రోఆంపియర్లు, 5 మిల్లీసెకన్లు: ఒక్క రీడింగ్‌కి 37.5 నానోజౌళ్లు. నిమిషానికోసారి చదివితే సగటున 0.6 నానోవాట్లు. చూసి మురిసిపోయాను. కానీ నిద్రలో, అంటే రీడింగుల మధ్య ఖాళీలో, లీకేజీ (ఆపేసినా కారే కరెంట్) 20 నానోఆంపియర్లు, అంటే 30 నానోవాట్లు. పనిలో తిన్నదానికి 48 రెట్లు పడుకుని తింటోంది! పైగా ప్రతి 10 డిగ్రీలకు లీకేజీ దాదాపు రెట్టింపవుతుంది. ట్యాగులు వాడకముందే ఎండాకాలం గోడౌన్‌లో బ్యాటరీలు నీరసించాయి. అప్పటినుంచి సెన్సర్ మొత్తానికి సప్లై కట్ చేసే హై-థ్రెషోల్డ్ స్విచ్ (ఆపినప్పుడు తక్కువ లీకయ్యే ట్రాన్సిస్టర్) పెడుతున్నాను. స్లీప్ సిమ్యులేషన్ ఫాస్ట్ కార్నర్‌లో (ట్రాన్సిస్టర్లు వేగంగా, ఎక్కువ లీకయ్యేలా తయారైన సందర్భంలో), 85 డిగ్రీల దగ్గర కూడా నడపండి. 27 దగ్గర అన్నీ బంగారంలాగే కనిపిస్తాయి.

ట్రిమ్ చేసేటప్పుడు (తయారైన చిప్ రీడింగును సరిదిద్దేటప్పుడు) చిప్‌నీ, పోల్చుకునే ప్లాటినం సెన్సర్ పీటీ100నీ ఒకే అల్యూమినియం దిమ్మెకు అంటించి, రెండు రీడింగులూ నిలకడ పడేదాకా ఆగండి. టీ తాగి రండి. తొందరపడితే చిప్‌లో లేని తప్పును దిద్దినట్టవుతుంది.