పాత ఆర్‌ఎక్స్-7లో ఆగని ఆయిల్ లీక్: ప్యాన్ విప్పే ముందు చూడాల్సినవి, విప్పాక చేయాల్సినవి

పిస్టన్ల బదులు తిరిగే రోటర్లతో నడిచే రోటరీ ఇంజిన్ కారు పాత మాజ్దా ఆర్‌ఎక్స్-7. దాని కింద నేల మీద ఆయిల్ మరక కనబడగానే అందరూ అనుమానించేది ఆయిల్ ప్యాన్‌నే, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టినే. ఆ అనుమానం సగం నిజమే, ఈ ఇంజిన్‌లో ప్యాన్ అంచు నిజంగానే బలహీనమైన చోటు. కానీ ఇంజిన్‌లో ఎక్కడ కారినా ఆయిల్ కిందికే జారుతుంది, ప్యాన్ అంచు దగ్గరే బొట్టు కడుతుంది. అందుకే ప్యాన్ గాస్కెట్ మార్చిన నెలకే మళ్లీ అక్కడే చుక్క పడుతుంటే, కొత్త గాస్కెట్‌ను తిట్టుకునే ముందు అసలు కారేది అక్కడేనా అని చూడండి. చివరి ఆర్‌ఎక్స్-7 తయారైంది 2002లో. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి కారులోనూ పాత ఓ-రింగులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడి ఉండే వయసు వచ్చేసింది, ఒకే కారులో రెండు మూడు చోట్ల కారడం మామూలే.

ఒక్క మాట ముందే చెప్పాలి. డిప్‌స్టిక్ మీద లెవెల్ తగ్గినంత మాత్రాన లీక్ ఉన్నట్టు కాదు. రోటరీ ఇంజిన్‌లో రోటర్ మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్స్ అరిగిపోకుండా మీటరింగ్ పంప్ కొంచెం కొంచెంగా ఆయిల్‌ను లోపలికి పంపుతుంది, అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది, ఆ ఇంజిన్ కట్టిందే అలా. లీక్ సంగతి తేల్చాల్సింది లెవెల్ చూసి కాదు, ఇంజిన్ బయట తడి చూసి.

కాబట్టి మొదటి పని శుభ్రం చేయడం. ఇంజిన్ చల్లారాక డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, తుడిచి, పైనుంచి కింది దాకా పొడిగా చేయండి. తర్వాత ఆయిల్‌లో యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) కలిపి, కారును బాగా వేడెక్కేదాకా నడిపి, చీకట్లో యూవీ టార్చ్ వేసి చూడండి. వెలుగుతున్న మరకల్లో అన్నిటికంటే పైన ఉన్నదే మీరు వెతుకుతున్న చోటు, కింద ఉన్న మరకలన్నీ దాని నుంచి జారినవే కావచ్చు. ఇక్కడ రోటరీ వాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సింది ఒకటి ఉంది: కారు పక్కకు జరపడానికని చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి వెంటనే ఆపేయకండి, పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాకుండా మొండికేస్తుంది. స్టార్ట్ చేశారంటే పూర్తిగా వేడెక్కనిచ్చే ఆపండి.

వెతకడం పైనుంచే మొదలుపెట్టండి. ఆయిల్ ఫిల్టర్ కూర్చునే పెడెస్టల్ కింద ఓ-రింగులు ఉంటాయి. అవి గట్టిపడితే ఆయిల్ ఇంజిన్ వెనక ప్లేట్ మీదుగా జారి గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ దగ్గర చుక్కలుగా పడుతుంది, చూసిన మెకానిక్ రియర్ మెయిన్ సీల్ (ఇంజిన్ షాఫ్ట్ వెనక చివర ఉండే సీల్) పోయిందని గేర్‌బాక్స్ దించేస్తాడు. చిన్న రబ్బరు రింగుల కోసం అంత పెద్ద పని చేయించుకున్నాక కూడా లీక్ అలాగే ఉంటే ఎంత బాధగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పెడెస్టల్ విప్పి, కూర్చునే చోటు తుడిచి, కొత్త రింగులకు కాస్త ఆయిల్ రాసి బిగించండి. ఇదే వరసలో ఆయిల్ ప్రెషర్ సెండర్, ఫిల్లర్ నెక్ గాస్కెట్, టర్బో ఉంటే దాని ఫీడ్, డ్రెయిన్ పైపులు చూసేయండి. విప్పిన ప్రతి బాంజో బోల్టుకూ (లోపల ఆయిల్ పారే బోలు బోల్టు) కొత్త రాగి వాషర్లు వేయాలి.

మీటరింగ్ పంప్ నుంచి వెళ్లే సన్నటి ప్లాస్టిక్ ట్యూబుల దగ్గర చెయ్యి జాగ్రత్త. వేడికి గోధుమ రంగు తిరిగి, ముట్టుకుంటే పుటుక్కున విరిగేలా తయారవుతాయి. విరిగితే సమస్య బయట కారడంతో ఆగదు, లోపల ఏపెక్స్ సీల్‌కు ఆయిల్ అందక అసలుకే ఎసరు వస్తుంది. కొత్త ట్యూబులు చేతిలో ఉంచుకునే ఆ చుట్టుపక్కల పని మొదలుపెట్టండి. ఆయిల్ కూలర్ హోసుల్లో రబ్బరు, లోహం కలిసే చోటు కూడా చూడాలి, అది చాలాసార్లు ఇంజిన్ వేడెక్కి ప్రెషర్ ఉన్నప్పుడే చెమ్మగిల్లుతుంది. ఆ నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకటి పట్టి ఉంచడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే కూలర్ అల్యూమినియం మరలు పోతాయి.

ఇవన్నీ పొడిగా ఉండి, ప్యాన్ అంచు మాత్రమే తడిగా ఉంటే అప్పుడు ప్యాన్ సంగతి. ఇది ఎందుకింత మొండిదంటే, చాలా ఆర్‌ఎక్స్-7లలో ఉండే 13బి రోటరీ ఇంజిన్‌లో ప్యాన్ ఒకే దిమ్మెకు బిగించింది కాదు. మూడు ఇనుప ప్లేట్లు, వాటి మధ్య రెండు అల్యూమినియం హౌసింగులు, ముందు ఒక కవర్, వీటన్నిటి అడుగు కలిసి ప్యాన్ కూర్చునే తలం అవుతుంది. ఇనుము, అల్యూమినియం వేడికి ఒకేలా వ్యాకోచించవు, కాబట్టి ఆ అతుకుల దగ్గర సీలెంట్ ఎప్పుడూ అటూ ఇటూ లాగబడుతూనే ఉంటుంది.

ప్యాన్ తీయాలంటే ఇంజిన్ కింది చట్రం, అంటే సబ్‌ఫ్రేమ్ దించాలి, లేదా ఇంజిన్‌ను పైనుంచి పట్టి ఉంచి మౌంట్లు విప్పాలి. ఏది చేసినా కారు యాక్సిల్ స్టాండ్ల మీదే ఉండాలి, ఒట్టి జాక్ నమ్మి కిందికి దూరొద్దు. ప్యాన్ ఊడాక తొందరపడకండి. పైనుంచి ఆయిల్ చాలాసేపు బొట్లుబొట్లుగా పడుతూనే ఉంటుంది, రాత్రంతా అలా వదిలేయడమే మంచిది. పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, బ్రేక్ క్లీనర్ చల్లిన తెల్ల గుడ్డతో గుడ్డకు మరక అంటనంత వరకు తుడవండి. ప్యాన్ అంచును చదునైన ఉపరితలం మీద పెట్టి చూస్తే బోల్టు రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది, ఎవరో ఎప్పుడో అతిగా బిగించిన గుర్తు అది. సుత్తితో మెల్లగా తట్టి చదును చేయకుండా ఎంత ఖరీదైన సీలెంట్ రాసినా ఉపయోగం లేదు.

ఆయిల్‌ను తట్టుకునే సిలికాన్ సీలెంట్‌ను తెగకుండా ఒకే గీతలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా పెట్టండి. హౌసింగుల అతుకులు వచ్చే ప్రతి చోటా ఒక బొట్టు అదనం. అలాగని పిసికి పోయొద్దు, లోపలికి ఉబికిన ముక్క ఊడి ఆయిల్ పికప్ జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కే ముప్పు. బోల్టులు మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించండి. ఈ చిన్న బోల్టులకు 8 నుంచి 11 న్యూటన్ మీటర్లు చాలు, మీ మోడల్ మాన్యువల్ చెప్పిందే చివరి మాట. ప్యాన్ అంచు వంగకుండా పట్టే మందపాటి బ్రేస్ ప్లేట్ దొరికితే వేయండి, నా లెక్కలో దండగ ఖర్చు కాదు. తర్వాత కనీసం ఒక రోజు ఆయిల్ పోయకుండా ఆగండి. ఈ ఓపిక లేకే చాలా పనులు మొదటికొస్తాయి.

వెనక నిజంగానే మెయిన్ సీల్ పోయి ఉంటే, ముందు కారేది ఇంజిన్ ఆయిలా, గేర్ ఆయిలా అని వాసన చూడండి, గేర్ ఆయిల్‌కు గంధకం వాసన ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ కారులో ఫ్లైవీల్ నట్టు 54 మిల్లీమీటర్లది, చాలా గట్టిగా బిగించి ఉంటుంది. అంత దూరం వెళ్లాక సీల్ ఒక్కటే మార్చి ఊరుకోకండి, స్టేషనరీ గేర్ (ప్లేటుకు కదలకుండా బిగించి ఉండే గేర్) ఓ-రింగ్ కూడా మార్చేయండి. ముందు వైపు సీల్ కోసం హబ్ తీసేటప్పుడు షాఫ్ట్ వెనక్కి జరగకూడదు. జరిగితే లోపలి నీడిల్ బేరింగ్ పక్కకు జారుతుంది, చూసుకోకుండా బిగిస్తే నలిగిపోతుంది. బిగించాక షాఫ్ట్ ఎండ్ ప్లే (షాఫ్ట్ ముందుకూ వెనక్కూ కదిలే దూరం) కొలవండి, 0.04 నుంచి 0.07 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

కొత్త సీళ్లు కూడా త్వరగా చెమ్మగిల్లుతుంటే ఇంజిన్ లోపలి గాలి బయటకు పోయే బ్రీతర్ పైపులు చూడండి. అవి మూసుకుపోతే లోపలి ప్రెషర్ దారి లేక సీళ్లనే తోసుకుని బయటకు వస్తుంది.

చివరగా, తడి అనేది ప్యాన్ అంచుకు పైన, ప్లేటుకూ హౌసింగ్‌కూ మధ్య నిలువు అతుకులో మొదలైతే అది డోవెల్ పిన్ (ప్లేట్లనూ హౌసింగులనూ వరసలో ఉంచే పిన్) ఓ-రింగ్ లీక్ అయ్యుండొచ్చు. ఇంజిన్ మొత్తం విప్పితేగానీ అది బాగవదు, బయట సిలికాన్ పూస్తే నాలుగు రోజులే. కొద్దిగా చెమ్మగిల్లడమే అయితే, ఆ ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడకుండా చూసుకుని, కారులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంచుకుని, లెవెల్ తరచూ చూస్తూ నడుపుకోండి. కంప్రెషన్ తగ్గి ఎలాగూ ఇంజిన్ విప్పాల్సి వచ్చినప్పుడు ఆ రింగులూ మార్పించేయండి.