పత్రికల దెబ్బకే ఆ నేత పడిపోయాడా? బ్రిటన్ లెక్క సరిగ్గా తేల్చడం ఎలా?

బ్రిటన్‌లో ఏ పార్టీ నేత పలుకుబడి కాస్త తగ్గినా రెండో రోజుకల్లా ఒక గ్రాఫ్ తయారవుతుంది. రేటింగ్ గీత కిందికి వంగిన చోట ఏదో ఒక టాబ్లాయిడ్ మొదటి పేజీ బొమ్మ అంటించి ఉంటుంది. చూసినవాళ్లంతా తలూపుతారు. కాకి వాలింది, తాటిపండు రాలింది, కాబట్టి కాకే రాల్చిందని తీర్మానం. ఇలాంటి గ్రాఫ్‌లు గీసేవాళ్లలో ప్రొఫెసర్లూ ఉన్నారు, పార్టీ సలహాదారులూ ఉన్నారు.

ఈ పని సరిగ్గా చేయడం అంత కష్టమేం కాదు, ఒక్క మెట్టు తప్ప. చిత్రమేమిటంటే చాలామంది తేలిక మెట్ల దగ్గర నెలలు గడిపి, ఆ ఒక్క మెట్టునీ ఒకే వాక్యంతో దాటేస్తారు.

కావాల్సినవి

ఒక గూగుల్ షీట్. ఇప్సోస్, యూగవ్, ఒపీనియం లాంటి సర్వే సంస్థల పూర్తి టేబుళ్లు (బ్రిటిష్ పోలింగ్ కౌన్సిల్ సభ్యులు వీటిని బయటపెట్టి తీరాలి, ఉచితంగానే దొరుకుతాయి). పాత పత్రికల కోసం నెక్సిస్ లాగిన్, యూనివర్సిటీ లైబ్రరీలో ఉంటుంది. బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ (ఓటర్ల మీద పరిశోధకులు చేసే పెద్ద సర్వే) డేటా, పేరు నమోదు చేసుకుంటే చాలు. మీకు తోడు ఇంకో మనిషి. అంతే.

1. ప్రశ్నను కుదించండి

'నేతల మీద మీడియా ప్రభావం' అనేది ప్రశ్న కాదు, సెమినార్ బ్యానర్. ఒక నేత, ఒక ఘటన, ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు. 'మినీ బడ్జెట్ తర్వాత లిజ్ ట్రస్ పతనంలో పత్రికల వాటా ఎంత?' అన్నది ప్రశ్న. ఆమె ప్రధాని పదవిలో ఉన్నదే 49 రోజులు, అందులో మొదటి రోజులు ఎలిజబెత్ రాణి మరణంతో రాజకీయాలు ఆగిపోయిన కాలం. ముందు ఆరు వారాలు దొరకవు కాబట్టి ఆమె కేసు కొత్తవాళ్లకు వద్దు. కానీ తర్వాతి మెట్టు నేర్పడానికి అంతకంటే మంచి కేసు లేదు.

2. పత్రికలు తెరవకముందే ఘటనల పట్టీ రాయండి

ఈ వరుస తప్పకూడదు. ముందు పత్రికలు చదివితే, పత్రికలు పెద్దవి చేసినవే మీకూ పెద్ద ఘటనలుగా కనిపిస్తాయి.

2022 సెప్టెంబర్ 23, శుక్రవారం: ట్రస్ ప్రభుత్వం భారీ పన్ను కోతలు ప్రకటించిన మినీ బడ్జెట్. 25 నుంచి 28 దాకా లివర్‌పూల్‌లో అప్పటి ప్రతిపక్షం లేబర్ పార్టీ మహాసభ. 26న పౌండ్ విలువ డాలర్‌తో పోలిస్తే 1.03 దాకా పడి రికార్డు కనిష్ఠం. అదే వారంలో గృహరుణ సంస్థలు వందలకొద్దీ పథకాలు వెనక్కి తీసుకోవడం. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ జోక్యం. 28, 29 తేదీల్లో చేసిన యూగవ్ సర్వేలో లేబర్ ఆధిక్యం 33 పాయింట్లు.

ఇప్పుడు పత్రికలు తీయండి. 24న డైలీ మెయిల్ మొదటి పేజీ 'ఎట్టకేలకు అసలైన టోరీ బడ్జెట్' (టోరీ అంటే ట్రస్ పార్టీ, కన్జర్వేటివ్) అంటూ చప్పట్లు కొట్టింది. అంటే దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే పత్రికల్లో ఒకటి పైకి లాగుతుంటే జనాభిప్రాయం కిందికి పోయింది. ఇంటి అప్పు వాయిదా ఎంత పెరుగుతుందో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చాక సంపాదకీయం ఎవడికి కావాలి? ఘటనల పట్టీ లేకుండా దిగితే, అక్టోబర్‌లో పత్రికలు ట్రస్ మీదికి తిరగబడటాన్ని చూసి 'మీడియా ముంచింది' అని రాసేస్తారు. అప్పటికే మునిగింది.

3. కథనాలకు మార్కులు వేయండి

నాలుగు దినపత్రికలు చాలు: సన్, మెయిల్, మిర్రర్, గార్డియన్. వాటితోపాటు బీబీసీ రాత్రి పది గంటల వార్తలు. మొదటి పేజీ ప్రధాన కథనంలో నేత పేరుంటేనే లెక్కలోకి తీసుకోండి. అనుకూలమైతే ప్లస్ 1, తటస్థమైతే 0, వ్యతిరేకమైతే మైనస్ 1. పది పాయింట్ల స్కేళ్లు పెట్టుకునేవాళ్లుంటారు. దండగ. 6కీ 7కీ తేడా ఏమిటో వాళ్లే చెప్పలేరు. నేతకూ పార్టీకీ విధానానికీ వేర్వేరు కాలమ్‌లు పెట్టండి.

మీరూ మీ తోడూ ఒకే 50 కథనాలకు విడివిడిగా మార్కులు వేసి సరిపోల్చండి. 40 చోట్లయినా కలవకపోతే తప్పు మనుషులది కాదు, నియమాలది. తిరగరాయండి.

ఈ పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించొద్దు. 2015 మే 6న, పోలింగ్‌కు ముందురోజు, సన్ మొదటి పేజీ నిండా అప్పటి లేబర్ నేత ఎడ్ మిలిబాండ్ బేకన్ (పంది మాంసం) శాండ్‌విచ్ తింటూ ఇబ్బందిపడుతున్న పాత ఫొటో, పైన 'సేవ్ అవర్ బేకన్'. బొమ్మ చూడని యంత్రానికి అందులో 'రక్షించండి' అన్న మంచి మాట మాత్రమే దొరుకుతుంది.

ప్రతి పత్రికకూ సమాన బరువు ఇవ్వొద్దు. లఫ్‌బరో యూనివర్సిటీవాళ్లు ఎన్నికల వార్తలను 1992 నుంచి లెక్కిస్తున్నారు. సర్క్యులేషన్‌తో గుణించినప్పుడు బొమ్మ ఎలా మారుతుందో వాళ్ల నివేదికల్లో చూడొచ్చు. చిక్కేమిటంటే 1992లో సుమారు 35 లక్షలు అమ్మిన సన్, 2020లో సుమారు 12 లక్షలకు వచ్చాక అంకెలు బయటపెట్టడం మానేసింది. ఆ తర్వాతి కాలానికి సర్వేల్లో 'ఏ పత్రిక చదువుతారు' అన్న ప్రశ్నకు వచ్చిన శాతాలే గతి.

టీవీ దారి వేరు. ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిష్పాక్షికత నియమం పత్రికలకు లేదు, టీవీకి ఉంది. అందుకే బులెటిన్లలో మీ మార్కులు చాలావరకు సున్నాలే వస్తాయి. అక్కడ స్వరం కాదు, నిమిషాలు కొలవాలి. 2010 ఏప్రిల్ 15న తొలి టీవీ చర్చలో లిబరల్ డెమొక్రాట్ల నేత నిక్ క్లెగ్‌కు దక్కింది పొగడ్త కాదు, ఇద్దరు పెద్ద నేతల పక్కన సమానంగా నిలబడే చోటు. ఆ పార్టీ సర్వేల్లో 30 శాతం దాకా ఎగిరింది. మే 6న వచ్చింది 23 శాతం. సీట్లు 62 నుంచి 57కి తగ్గాయి. చర్చ జరిగిన వారంలోనే లెక్క కట్టి చేతులు దులుపుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి.

4. రేటింగ్ వరుస పేర్చండి

ఒకే సంస్థ, ఒకే ప్రశ్న. ఇప్సోస్ 'పనితీరుతో సంతృప్తా, అసంతృప్తా' అని 1977 నుంచి అడుగుతోంది. యూగవ్ 'సదభిప్రాయమా, దురభిప్రాయమా' అంటుంది. ఒకటి ఉద్యోగం గురించి, ఇంకోటి మనిషి గురించి. రెంటినీ ఒకే గీతలో కలిపితే అది పప్పులో కాలేయడమే. తేదీ కాలమ్‌లో సర్వే ప్రచురించిన రోజు కాదు, జనాన్ని అడిగిన రోజులు రాయండి. మూడు రోజులు అడిగితే మధ్య రోజు.

నెట్ రేటింగ్ (సంతృప్తి శాతంలోంచి అసంతృప్తి శాతం తీసేస్తే వచ్చేది) ఒక్కటే రాసుకోవద్దు. 'తెలియదు' కాలమ్ తప్పనిసరి, కొత్త నేతల విషయంలో మరీను. 25 సంతృప్తి, 35 అసంతృప్తి, 40 తెలియదు: నెట్ మైనస్ 10. మూడు నెలలకు 28, 47, 25: నెట్ మైనస్ 19. పత్రికలు తొమ్మిది పాయింట్లు పడగొట్టాయంటారు. కానీ మనసు మార్చుకున్నవాడు ఒక్కడూ లేకపోయినా ఆ అంకెలే వస్తాయి. తెలియదన్నవాళ్లకు తెలిసింది, అంతే.

1,000 మంది సర్వేలో 30 సంతృప్తి, 60 అసంతృప్తి ఉంటే ఆ నెట్ అంకెలో పొరపాటుకు అవకాశం అటూ ఇటూ 5.6 పాయింట్లు. అలాంటి రెండు సర్వేల మధ్య తేడాలో దాదాపు 8. వెయిటింగ్ (జనాభాకు సరిపోయేలా జవాబుల బరువు సర్దడం) వల్ల నిజానికి ఇంకా ఎక్కువ. అంటే నెట్ 8 పాయింట్లలోపు కదిలితే ఏమీ కదలనట్టే. 'ఒక్క వారంలో ఐదు పాయింట్ల పతనం' అన్న శీర్షికలన్నీ ఇక్కడే రాలిపోతాయి.

5. అసలు మెట్టు: చదివినవాళ్లనూ చదవనివాళ్లనూ పక్కపక్కన పెట్టడం

ఇక్కడ నెమ్మదించండి.

దేశం మొత్తం రేటింగ్‌లో పత్రిక పని కనిపించదు. 1997 చూడండి. మార్చి 17న కన్జర్వేటివ్ ప్రధాని జాన్ మేజర్ ఎన్నికలు ప్రకటించారు. మర్నాడే సన్ లేబర్ నేత టోనీ బ్లెయిర్‌కు మద్దతిచ్చింది. అప్పటికే సర్వేల్లో లేబర్ ఆధిక్యం 20 పాయింట్లు దాటి ఉంది. మే 1న ఓట్లు లెక్కిస్తే వచ్చింది 12.5. గ్రాఫ్ గీసేవాడి తర్కం పట్టుకుంటే, సన్ మద్దతు వల్ల లేబర్‌కు నష్టం జరిగిందని రాయాలి! ఎవరూ అలా రాయరు. గీత తమకు నచ్చిన వైపు వంగినప్పుడే ఆ తర్కం గుర్తొస్తుంది.

గుడ్డిగా ఇంకోవైపు దూకడమూ తప్పే. గెలిచే గుర్రాన్ని చూసే సన్ ఎక్కింది కాబట్టి దాని ప్రభావం సున్నా అనేవాళ్లున్నారు. జోనథన్ లాడ్, గాబ్రియల్ లెంజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే కేసును సరైన పద్ధతిలో తీశారు. 1992 నుంచి 1997 దాకా పదేపదే ప్రశ్నలడిగిన ఒకే ఓటర్ల బృందాన్ని తీసుకున్నారు. పక్షం మార్చిన పత్రికలు, అంటే సన్, డైలీ స్టార్, ఇండిపెండెంట్, ఫైనాన్షియల్ టైమ్స్, చదివేవాళ్లు ఒకవైపు. మిగతావాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ లేబర్ వైపు జరిగారు, కానీ మొదటివాళ్లు ఎక్కువ జరిగారు. ఆ పత్రికలు తమ పాఠకుల్లో 10 నుంచి 25 శాతం మందిని ఒప్పించాయని వాళ్ల అంచనా. అది ఓటు లెక్క, రేటింగ్ లెక్క కాదు. అయినా పద్ధతి అదే.

ఈ పద్ధతిని వంటపట్టించుకోవడానికి మూడు జాగ్రత్తలు.

మొదటిది, ఎవరు ఏ పత్రిక చదువుతారన్నది పత్రిక మాట మార్చకముందు అడిగిన జవాబు నుంచే తీసుకోవాలి. తర్వాత అడిగితే, మార్పు నచ్చక మానేసినవాళ్లు జాబితాలోంచి పోతారు, నచ్చి చేరినవాళ్లు వస్తారు. అప్పుడు మీరు కొలిచేది పత్రిక ప్రభావం కాదు, చందాదారుల రాకపోకలు. టాబ్లాయిడ్ పాఠకులకు లేబర్ నేత నచ్చకపోవడాన్ని చూపించి 'చూశారా ప్రభావం' అనేది ఈ తప్పుకే ఇంకో రూపం. నచ్చకనే ఆ పత్రిక కొనుక్కుంటున్నారేమో!

రెండోది, మనుషులు వాళ్లే ఉండాలి. మామూలు సర్వేలో 1,000 మందిలో సన్ పాఠకులు 100 మంది దొరికారనుకోండి. వాళ్ల నెట్ రేటింగ్‌లో పొరపాటు అటూ ఇటూ 18 పాయింట్లు, రెండు సర్వేల తేడాలో 25. దాంతో ఏమీ తేలదు. బ్రిటిష్ ఎలక్షన్ స్టడీ ఇంటర్నెట్ ప్యానెల్ ఒక్కో విడతలో దాదాపు 30,000 మందిని అడుగుతుంది, చాలామందిని మళ్లీ మళ్లీ అడుగుతుంది. నేతలకు 0 నుంచి 10 దాకా ఇష్టం మార్కు వేయిస్తుంది, చదివే పత్రికా అడుగుతుంది. ఒక్కో మనిషి రెండో మార్కులోంచి మొదటి మార్కు తీసేయండి. పాఠకుల సగటు మార్పులోంచి మిగతావాళ్ల సగటు మార్పు తీసేయండి. మిగిలిందే మీ జవాబు. అది తరచూ చిన్నదిగా ఉంటుంది. కానివ్వండి.

మూడోది, పత్రికలో ఏమీ మారనప్పుడు ఈ లెక్క పనిచేయదు. లేబర్ నేతగా ఉన్న జెరెమీ కోర్బిన్ కేసులో అందరూ బోల్తా పడేది ఇక్కడే. 2017 ఎన్నికల్లో సన్, మెయిల్ ఆయన్ని చివరి రోజు దాకా దుమ్మెత్తిపోశాయి. అయినా రేటింగ్ పెరిగింది, లేబర్‌కు 40 శాతం ఓట్లొచ్చాయి. 'టాబ్లాయిడ్ల పని అయిపోయింది' అన్నారు. 2019 సెప్టెంబర్‌లో ఇప్సోస్ అదే మనిషికి మైనస్ 60 చూపించింది, ప్రతిపక్ష నేతల్లో అప్పటిదాకా అంత తక్కువ ఎవరికీ లేదు. 'టాబ్లాయిడ్లే ముంచాయి' అన్నారు. అవే పత్రికలు, అదే ద్వేషం. మారనిది మారినదానికి కారణం కాలేదు. ఆ ద్వేషమే లేకుంటే రేటింగ్ ఎక్కడుండేదో కూడా ఈ అంకెలు చెప్పవు.

ఇంకో చిల్లు ఉంది, పూర్తిగా పూడ్చలేం. సన్ చదవనివాడికీ సన్ మొదటి పేజీ తెలుస్తుంది. రాత్రి టీవీలో పత్రికల సమీక్షలో చూస్తాడు, లేదా వాట్సాప్‌లో వస్తుంది. కాబట్టి మీ జవాబు అసలు ప్రభావం కంటే తక్కువే చూపుతుంది. ఈ సంగతి నివేదికలో రాయాలి. పత్రిక అసలు అందని చోటు దొరికితే బంగారమే. లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు చనిపోయిన హిల్స్‌బరో స్టేడియం దుర్ఘటన మీద, వాళ్లనే నిందిస్తూ 1989లో సన్ రాసిన రాతలకు లివర్‌పూల్ పరిసరాల్లో జనం ఆ పత్రికను బహిష్కరించారు. ఐరోపా పట్ల వ్యతిరేకత అక్కడ మిగతాచోట్ల కంటే తగ్గిందని ఆ బహిష్కరణ ఆధారంగా పరిశోధకులు చూపగలిగారు. నేతల రేటింగ్‌కు అలాంటి అదృష్టం రోజూ దొరకదు.

6. నివేదిక రాయడం

'ప్రజలు' అనొద్దు, 'ఫలానా పత్రిక పాఠకులు' అనండి. ఒకే అంకె ఇవ్వొద్దు, ఇంత నుంచి ఇంత అని ఇవ్వండి. పత్రికలు తమ గురించి చెప్పుకునేది ఆధారంగా తీసుకోవద్దు. 1992లో లేబర్ నేత నీల్ కినాక్ ఓడాక, కన్జర్వేటివ్‌లను తానే గెలిపించానని సన్ మొదటి పేజీలో చాటుకుంది. సర్వేలు పోటాపోటీ అన్నాయి, ఫలితంలో కన్జర్వేటివ్‌లు 7.5 పాయింట్లు ముందున్నారు. ఆ తేడాలో మంచి భాగం సర్వేల పొరపాటేనని తర్వాతి విచారణ తేల్చింది.

బ్రిటన్‌లో ఉంటున్న భారత పౌరులకు కామన్వెల్త్ పౌరులుగా అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. అందుకని 'మన తెలుగువాళ్ల మీద మీడియా ప్రభావం' తేల్చాలని ఉబలాటపడకండి. జాతీయ సర్వే టేబుళ్లలో తెలుగువాళ్లకు విడి కాలమ్ ఉండదు.

పంపేముందు ఒక నకిలీ తేదీ పరీక్ష పెట్టండి. ఏ పత్రికా మాట మార్చని, ఏ పెద్ద ఘటనా లేని రెండు విడతలను అదే ప్యానెల్ నుంచి తీసి, ఐదో మెట్టు లెక్కంతా మళ్లీ చేయండి. తేడా సున్నా దగ్గర్లో రావాలి. అక్కడా మీ అసలు జవాబంత తేడా వస్తే, పాఠకులకూ మిగతావాళ్లకూ మధ్య ముందునుంచే ఏదో దూరం పెరుగుతోందన్నమాట. వయసు, చదువు, గతంలో వేసిన ఓటు ఒకేలా ఉన్నవాళ్లను జతలుగా కట్టి మళ్లీ చూడండి. అప్పటికీ తేడా పోకపోతే ఆ కేసు వదిలేసి ఇంకో నేతను పట్టుకోండి.