జిల్లా పట్టణంలో శ్రేయస్సు కోచ్‌గా స్థిరపడటం ఎలా

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఎవరికైనా మీరు కోచ్ అని చెప్పుకుంటే, గ్రూప్స్‌కు చెబుతారా, డీఎస్సీకి చెబుతారా అన్నదే వాళ్లు మొదట అడిగే ప్రశ్న. మన జిల్లాల్లో కోచింగ్ అంటే పోటీ పరీక్షల శిక్షణ. వెల్‌నెస్ అంటే ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద మందులిచ్చే కేంద్రం, లేదా బరువు తగ్గించే పొడులు అమ్మే క్లబ్బు. అందువల్ల మనుషుల శ్రేయస్సు మీద పనిచేసే కోచ్‌గా స్థిరపడాలనుకునేవారు అన్నిటికంటే ముందు తమ పనిని ఇక్కడి మాటల్లో చెప్పడం నేర్చుకోవాలి. నేను ఇలా చెబుతాను: "నిద్ర, తిండి, పని, ఇల్లు, వీటిలో ఏది కుదరక మీకు నిమ్మళం లేకుండా పోయిందో మీతో కూర్చొని చూస్తాను. ఏం మార్చుకోవాలో మీరే నిర్ణయించుకుంటారు, ఆ మార్పు నిలబడేదాకా రెండు మూడు నెలలు మీ వెంట ఉంటాను. మందులివ్వను, ఏ వస్తువూ అమ్మను." చివరి వాక్యం విన్నాక చాలామంది కుర్చీలో కొంచెం సర్దుకొని కూర్చుంటారు.

నిమ్మళం అనే మాటను నేను కావాలనే వాడుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమల్లోకి వచ్చిన తన రాజ్యాంగంలో, ఆరోగ్యమంటే రోగం లేకపోవడం మాత్రమే కాదని, శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సు అని నిర్వచించింది. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో "పానం మంచిగ లేదు" అన్న ఒక్క మాటలో ఒళ్లూ మనసూ రెండూ ఉంటాయి. "రంది పెట్టుకున్నడు" అంటే ఆ దిగులు ఇంటి గురించో, అప్పు గురించో, బిడ్డ పెళ్లి గురించో అని వినేవారికి తెలిసిపోతుంది. ఒత్తిడి నిర్వహణ, జీవన సమతుల్యం వంటి పుస్తక పదాలతో మొదలుపెడితే క్లయింటు తన అసలు మాట లోపలే దాచుకుంటాడు. రంది ఏమిటని అడిగితే చెబుతాడు.

తర్వాత తేల్చుకోవలసింది ఎవరితో పనిచేస్తారన్నది. అందరికీ అన్నీ చేస్తానన్న కోచ్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోరు. మన దగ్గర వెతికితే అవసరమున్న వర్గాలు చాలానే కనిపిస్తాయి. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల పరిశ్రమల్లో రాత్రి షిఫ్టులు చేసే యువకులు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో సీజన్ వస్తే పగలూ రాత్రీ తేడా తెలియని గుమస్తాలు, హైదరాబాద్‌లో కాపురం ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయే ఉపాధ్యాయులు, కొడుకూ కోడలూ ముంబయికో పుణెకో వలస పోతే మనవల్ని సాకుతున్న నానమ్మలు, పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీలో వేసి ఫోన్ కోసం ఎదురుచూసే తల్లులు. నేను నలభై దాటి, కొత్తగా షుగరో బీపీయో బయటపడిన ఉపాధ్యాయులను, ఉద్యోగులను ఎంచుకున్నాను.

ఎంపికకు నేను మూడు విషయాలు చూస్తాను. వాళ్ల రోజు ఎలా గడుస్తుందో మీకు దగ్గరగా తెలిసి ఉండాలి. రుసుము వాళ్లు ఇవ్వగలగాలి, లేదా వాళ్ల తరఫున పాఠశాల యాజమాన్యమో సంస్థో ఇవ్వగలగాలి. ఈ రెండూ తేలికగానే తేలుతాయి. మూడోదాని దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి: వాళ్ల బాధలో ఎంత భాగం వాళ్ల చేతుల్లో ఉంది? మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన పెద్దాయనకు వ్యాయామం చేయమనీ అలవాట్లు మార్చుకోమనీ చెప్పడం అన్యాయం. మిషన్ భగీరథ పథకం కింద శుద్ధి చేసిన నీళ్లు ఊరికి వచ్చినంత మాత్రాన పాత నీళ్లు ఎముకలకు చేసిన నష్టం వెనక్కి పోదు. బోర్లు ఎండి అప్పుల్లో పడ్డ రైతుకు ప్రశాంతంగా ఊపిరి తీసుకోవడం నేర్పినా అప్పు తీరదు. శ్రేయస్సు పేరుతో బాధకు కారణమంతా ఆ మనిషి అలవాట్లేనని నమ్మించడం ఈ వృత్తిలో జరిగే అతి పెద్ద తప్పని నా అభిప్రాయం. నీళ్లు, కూలి, అప్పు, వలస వంటివాటిని వాటి పేర్లతోనే ఒప్పుకొని, మిగిలిన జాగాలో ఆ మనిషి ఏం చేసుకోగలడో వెతకడమే మన పని. ఆ జాగా బొత్తిగా లేని చోట కోచింగ్ అమ్మకూడదు.

మన దేశంలో కోచ్‌గా పనిచేయడానికి ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి కాదు. అందుకే శిక్షణ విషయంలో మనల్ని మనమే కట్టడి చేసుకోవాలి. 1995లో ఏర్పడిన అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్ మొదటి స్థాయి గుర్తింపుకు కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది, తర్వాతి స్థాయికి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం కావాలి. రెండు రోజుల వర్క్‌షాప్‌లో ధ్రువపత్రం ఇచ్చే సంస్థలను ఈ అంకెలతో పోల్చి చూసుకోండి. గుర్తింపు తీసుకున్నా తీసుకోకపోయినా, మొదటి 100 గంటలను తేదీ వారీగా ఒక పుస్తకంలో రాసుకోవడం మంచిది.

మొదటి భేటీకి గంట సమయం పెట్టుకోండి. నేను ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐదు ప్రశ్నల సూచికతో మొదలుపెడతాను. గడిచిన రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నారా, ప్రశాంతంగా ఉన్నారా, చురుకుగా ఉన్నారా, తెల్లవారి హాయిగా నిద్ర లేచారా, రోజంతా మనసుకు నచ్చే పనులతో గడిచిందా అని అడిగి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 వరకు అంకె వేయించాలి. మొత్తాన్ని 4తో హెచ్చిస్తే 100కు లెక్క వస్తుంది. 50 లేదా అంతకంటే తక్కువ వస్తే, ఆ మనిషిని మానసిక ఆరోగ్య నిపుణులు ఒకసారి చూడటం మంచిదని అర్థం. ఇది వ్యాధి నిర్ధారణ కాదని క్లయింటుకూ చెప్పాలి, మనమూ గుర్తుంచుకోవాలి. ఇదే సూచికను మధ్యలో ఒకసారి, చివర ఒకసారి మళ్లీ అడిగితే, మీ పని వల్ల ఏమైనా మారిందా అన్నది మీ మాట మీద కాక వాళ్ల అంకెల మీద తేలుతుంది.

ఆ తర్వాత జరిగే సంభాషణలో సలహాలు ఇవ్వాలనే ఆత్రం ఆపుకోవడమే అన్నిటికంటే కష్టం. ముఖ్యంగా నాలాగా బడిపంతులుగా పనిచేసి వచ్చినవారికి. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యం అలవాటు ఉన్నవారితో చేసిన పని గురించి రాస్తూ ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి విస్తరించిన సంభాషణ పద్ధతి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. మార్పుకు కారణాలు మనం చెప్పకుండా క్లయింటు నోటనే రప్పించడం దాని సారం. ఒక ఉద్యోగితో జరిగిన మాటలు, గుర్తుపట్టే వివరాలు మార్చి, ఇక్కడ ఇస్తున్నాను.

"రాత్రి ఎనిమిదింటికల్లా తినడం మీకెంత ముఖ్యమో 10కి ఎన్ని మార్కులు వేస్తారు సార్?"

"ఆరు ఏసుకోండి."

"మూడు అనకుండా ఆరు ఎందుకన్నారు?"

"మా నాయినకు షుగర్‌తోనే కాలు తీసేసిన్రు సార్. నాకు గా గతి రావద్దని ఉన్నది."

పది ఎందుకు వేయలేదని అడిగి ఉంటే ఆయన తన ఇబ్బందుల జాబితా చదివేవారు. మూడు ఎందుకు కాదన్నందుకు తన కారణం తానే చెప్పుకున్నారు. ఆ తర్వాత, ఆ పని చేయగలనన్న నమ్మకం ఎంతుందో అదే కొలతతో అడిగితే, నమ్మకం తగ్గిన చోట ఏం అడ్డొస్తోందో తెలుస్తుంది. ఆయన విషయంలో అడ్డం, ఆయన భార్య సీరియల్ అయ్యాకే వడ్డించడం. అక్కడి నుంచి ఆ ఇంటి భోజనం వేళ మీద ఇద్దరితో మాట్లాడవలసి వచ్చింది. మన దగ్గర ఒక్కరే మార్చుకోగల అలవాట్లు చాలా తక్కువ. తిండి, నిద్ర, ఖర్చు అన్నీ ఇంటి మొత్తానివి కాబట్టి, క్లయింటు అనుమతితో ఇంట్లో ఒకరిని కనీసం ఒక భేటీకి పిలవడం నా పద్ధతిలో భాగమైంది.

హద్దుల విషయం నేను తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఒక టీచరమ్మ నిద్ర లేదు, నీరసం, జుట్టు ఊడుతోంది అని వస్తే, నాలుగు వారాల పాటు ఆమె పడుకునే వేళల మీద శ్రద్ధగా పనిచేశాను. తర్వాత రక్తపరీక్షలో థైరాయిడ్ సమస్య ఉందని తేలింది. ఆ నాలుగు వారాలు ఆమె పడ్డ అవస్థకు నాకు ఈ రోజుకూ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి డాక్టరుకు చూపించుకున్నారా, ఏ మందులు వాడుతున్నారు అన్నవి మొదటి ఫారంలోనే అడుగుతున్నాను. మందు మోతాదు తగ్గించమని గానీ, మానేయమని గానీ కోచ్ ఎప్పుడూ చెప్పకూడదు. షుగర్ నయం చేస్తామని ప్రకటన వేయడం 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి భారత పునరావాస మండలిలో నమోదు అవసరం కాబట్టి, బోర్డు మీద ఆ మాటను గానీ దానికి దగ్గరి మాటను గానీ రాయకూడదు.

ఎవరైనా బతకాలని లేదన్నా, ఆ అర్థం వచ్చేలా మాట్లాడినా, ఆ రోజు కోచింగ్ ఆపేయాలి. ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి, ఒంటరిగా పంపకూడదు, ఇంటివారిలో వారు నమ్మేవారిని పిలిపించాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు వారి ఎదుటే ఫోన్ కలపాలి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి కాబట్టి, పని మొదలుపెట్టకముందే అక్కడి మానసిక వైద్య విభాగానికి వెళ్లి ఓపీ వేళలు, ఎవరిని కలవాలన్నది తెలుసుకొని ఉంచుకోవాలి.

చిన్న పట్టణంలో గోప్యత మరీ సున్నితమైన విషయం. మీ క్లయింటు మేనమామ మీ పక్కింటివాడే కావచ్చు. తలుపు వేసుకోగల గది, వెంటవెంటనే వచ్చే ఇద్దరు ఒకరికొకరు ఎదురుపడకుండా మధ్యలో 15 నిమిషాల ఖాళీ, పేర్లకు బదులు అంకెలతో రాసిన నోట్సు, తాళం వేసిన బీరువా ఉండాలి. క్లయింటు ఫొటోను గానీ మెచ్చుకోలును గానీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, వారు సరేనన్నా సరే. యాజమాన్యం రుసుము కట్టే చోట, ఎంతమంది వచ్చారన్నది తప్ప ఎవరు ఏం చెప్పారన్నది వారికి అందదని ముందే కాగితం మీద రాయించుకోవాలి.

రుసుము మొదటి రోజే చెప్పండి. నేను మూడు నెలల్లో ఆరు భేటీలకు కలిపి తీసుకుంటాను, మొదటి పరిచయ భేటీకి తీసుకోను. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితేనే జీఎస్టీ నమోదు అవసరం కాబట్టి ఆరంభంలో ఆ చింత ఉండదు. క్లయింట్లు ప్రకటనల కంటే నోటిమాట ద్వారానే వస్తారు. షుగర్ రోగులను చూసే డాక్టరుకు మీరు ఏం చేస్తారో, ఏం చేయరో ఒక పేజీలో రాసి ఇస్తే, ఏం చేయరన్న భాగాన్ని చూశాకే ఆయన మీ దగ్గరికి మనుషుల్ని పంపుతారు.

ఆరో భేటీ అయ్యాక ఇంకో ఆరు తీసుకోమని ఒత్తిడి చేయకండి. సూచిక అంకెలు పక్కపక్కన పెట్టి చూపించండి, తిరిగి పాత అలవాటు వస్తే దాన్ని మొదట ఏ గుర్తుతో పసిగడతారో వారి చేతనే రాయించండి, ఆ కాగితం వారికే ఇచ్చేయండి. మూడు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేసి ఇప్పుడు నిమ్మళంగా ఉందా అని అడగండి. ఆ ఫోనుకు డబ్బులు తీసుకోకండి.