ఇంట్లోనే ర్యాప్ వోకల్స్ రికార్డ్ చేసి మిక్స్ చేసుకోవడం ఎలా

అందరూ ముందు అడిగేది ఏ మైక్ కొనాలి అనే. నన్నడిగితే ముందు రూమ్ సంగతి చూడాలండి. రూమ్‌లో నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి, దాని వెనకాలే గోడల మధ్య కొట్టుకుంటూ ఇంకో చిన్న మోత వినిపిస్తే అదే మీ వోకల్‌లో కూడా పడుతుంది, తర్వాత కంప్రెసర్ (గట్టి, మెల్లని సౌండ్ల తేడాని తగ్గించేది) వేస్తే అది ఇంకా పైకి తేలుతుంది, ఏ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసుకునే ఎఫెక్ట్) వేసినా పూర్తిగా పోదు. పాటలో అయితే కొంత కలిసిపోతుందేమో గానీ ర్యాప్‌లో మాటలు దగ్గర దగ్గరగా పడతాయి కదా, ఒక మాట మోత ఆరకముందే ఇంకో మాట వచ్చి దాని మీద పడుతుంది, మొత్తం అలుక్కుపోయినట్టు వినిపిస్తుంది.

దీనికి బొంతలు, మందపాటి దుప్పట్లు, పరుపు, బట్టలు నిండిన అల్మారా, ఇవి చాలు. కోడిగుడ్ల ట్రేలు అతికించడం మాత్రం దండగ, సన్నటి ఫోమ్ కూడా పై ఫ్రీక్వెన్సీలు మాత్రమే పీల్చి డబ్బాలో మాట్లాడినట్టుండే సౌండ్‌ని అలాగే వదిలేస్తుంది. చాలామంది మైక్ వెనకాల దుప్పటి కట్టి పని అయిపోయింది అనుకుంటారు. కార్డియాయిడ్ మైక్, అంటే మామూలుగా వోకల్స్‌కి వాడే రకం, వినేది ముందు వైపు నుంచి, అంటే మీ నోరు, దాంతో పాటు మీ వీపు వెనక ఉన్న గోడ. అందుకే మొదటి బొంత మీ వెనక వేలాడాలి, మిగిలితే పక్కలకి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి, లాప్‌టాప్ మైక్ వెనక వైపు ఉండేలా చూసుకోండి.

ఇక మైక్. రూమ్ బాగోలేకపోతే డైనమిక్ మైకే (దూరపు చిన్న శబ్దాలు అంతగా పట్టని రకం) మేలు, షూర్ ఎస్‌ఎం58 లాంటిది నోటికి దగ్గరగా పెట్టుకుంటే రూమ్ సౌండ్ చాలా తక్కువ పడుతుంది. ఎస్‌ఎం7బీ చూసి మోజు పడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, దానికి దాదాపు 60 డీబీ (డెసిబెల్) గెయిన్, అంటే సిగ్నల్‌ని అంత పెంచడం, కావాలి, చిన్న ఇంటర్‌ఫేస్‌లు (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలు) అంత ఇచ్చేసరికి హిస్ (స్‌స్ అనే గాలి శబ్దం) మొదలవుతుంది. కండెన్సర్ మైక్ (చిన్న శబ్దాలు కూడా పట్టే రకం) అయితే ఇంటర్‌ఫేస్ నుంచి మైక్‌కి వెళ్ళే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేయాలి, డీటెయిల్ బాగా వస్తుంది, దాంతో పాటు పక్కింటి కుక్క కూడా వస్తుంది.

కండెన్సర్‌కి నోటికి మధ్య జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జల్లెడ లాంటి తెర). ప, బ, ఫ, భ పలికినప్పుడు గాలి నేరుగా తగలకుండా మైక్‌ని కొంచెం పక్కకి తిప్పండి. మరీ దగ్గరికెళ్తే బేస్ పెరిగిపోతుంది, అది కావాలని వాడితే బాగుంటుంది గానీ ఒక లైన్ దగ్గరగా ఇంకో లైన్ దూరంగా చెప్తే రెండూ రెండు రోజుల్లో రికార్డ్ చేసినట్టుంటాయి.

సెట్టింగ్స్ 24 బిట్, 48 లేదా 44.1 కిలోహెర్ట్జ్, ఏదైనా పర్లేదు. లెవెల్ చూసుకునేటప్పుడు వర్స్‌లో (ర్యాప్ చరణంలో) అన్నిటికంటే గట్టిగా అరిచే లైనే చెప్పి చూడండి, పీక్ (మీటర్ ఎక్కే గరిష్ఠ స్థాయి) -10 డీబీ దగ్గర ఉంటే చాలు, ఎర్ర లైట్ వెలిగిందంటే ఆ టేక్ పోయినట్టే. మీ గొంతు హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తే ఫ్లో చచ్చిపోతుంది, బఫర్ (కంప్యూటర్ ఒకేసారి పట్టుకునే సౌండ్ ముక్క సైజు) 64 లేదా 128కి తగ్గించండి, లేదా ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్‌లోకి వెళ్ళకుండా నేరుగా వినడం) వాడండి, మిక్స్ చేసేటప్పుడు మళ్ళీ 1024కి పెంచుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ క్లోజ్డ్ బ్యాక్‌వి (బయటి వైపు మూసి ఉన్నవి) అయ్యుండాలి, లేకపోతే బీట్ లీకై మైక్‌లో పడుతుంది.

బీట్ ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్ తీసుకోండి, వీలైతే స్టెమ్స్ (డ్రమ్స్, బేస్ లాంటివి విడివిడి ఫైళ్ళుగా). ప్రాజెక్ట్‌లో బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లు అనేది) కరెక్ట్‌గా పెట్టండి, తర్వాత డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) అన్నీ దాని మీదే నడుస్తాయి. రెడీమేడ్ బీట్లు ఎలాగూ మాస్టర్ (ఫైనల్ ఫినిషింగ్) అయ్యి ఫుల్ లౌడ్‌గా ఉంటాయి కాబట్టి రాగానే 6 నుంచి 8 డీబీ తగ్గించేయండి, వోకల్‌కి చోటు దొరుకుతుంది.

వర్స్ బట్టీ పట్టి నిలబడి చెప్పండి, ఫోన్ చూసి చదివింది చదివినట్టే వినిపిస్తుంది. మూడు నాలుగు ఫుల్ టేక్స్ తీసుకుని మంచి లైన్లు ఏరి కలుపుకోవచ్చు. పంచ్ ఇన్ (మధ్యలో తప్పిన చోట మాత్రమే మళ్ళీ రికార్డ్) చేస్తే ముందు లైన్ నుంచి మొదలెట్టి దాంట్లోకి దిగండి, ఎనర్జీ తేడా తెలియదు. డబుల్స్ (మెయిన్ వోకల్ మీద పడే రెండో రికార్డింగ్) మొత్తం వర్స్‌కి అక్కర్లేదు, ప్రాసలు, లైన్ చివరి మాటలు చాలు. కానీ డబుల్ అంటే మళ్ళీ చెప్పి రికార్డ్ చేసిందే. కాపీ పేస్ట్ చేస్తే సౌండ్ పెరుగుతుంది అంతే, కొంచెం జరిపితే గొంతు పీలగా, గొట్టంలోంచి వచ్చినట్టు అయిపోతుంది.

ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా చిన్న క్రాస్‌ఫేడ్ (ఒక ముక్క తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ కలవడం). శ్వాసలు పూర్తిగా కోసేయకండి, తగ్గించండి. మరీ గట్టిగా, మరీ మెల్లగా ఉన్న మాటల్ని కంప్రెసర్‌కి ముందే చేత్తో క్లిప్ గెయిన్‌తో (ఒక్కో ముక్క వాల్యూమ్ మార్చుతూ) సరిచేసుకుంటే సగం మిక్స్ అక్కడే అయిపోతుంది, విసుగు పనే గానీ దీన్ని మించింది లేదు.

ఇప్పుడు చెయిన్, అంటే వోకల్ మీద ఎఫెక్ట్‌లు వేసే వరస. ఆటోట్యూన్ (శృతి సరిచేసేది) కావాలంటే అది మొదట. తర్వాత ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించేదాంట్లో) 80 నుంచి 100 హెర్ట్జ్ కింద కోసేయండి, 200 నుంచి 400 మధ్య బురదగా ఉంటే 2, 3 డీబీ తగ్గించండి. కంప్రెసర్ రేషియో 4:1, 3 నుంచి 5 డీబీ తగ్గేలా. అటాక్ (కంప్రెసర్ ఎంత త్వరగా పట్టుకోవాలి అనేది) మరీ స్పీడ్‌గా పెడితే క, ట, త ల పదును పోతుంది, ర్యాప్‌కి ఆ పదునే ప్రాణం. ఒక్కదాన్నే పిండే బదులు దాని తర్వాత ఇంకో నిదానమైన కంప్రెసర్‌తో 2 డీబీ పట్టుకోవడం మంచిది. స, ష, చ చెవిలో గుచ్చుకుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర డీఎస్సర్ (ఆ శబ్దాలు వచ్చినప్పుడే తగ్గించేది). అవసరమైతేనే చివర్లో 3, 4 కిలోహెర్ట్జ్ కొంచెం లేపండి. డబుల్స్‌ని మెయిన్ కన్నా 6 నుంచి 10 డీబీ కింద ఉంచి, వాటిలో స శబ్దాలు తగ్గించండి, లేకపోతే ప్రతి స రెండుసార్లు వినిపిస్తుంది.

ఇంత చేసినా మాట మునిగిపోతుంటే వోకల్ పెంచకండి, బీట్‌ని తగ్గించండి. బీట్ మీద డైనమిక్ ఈక్యూ (అవసరమైనప్పుడే పనిచేసే ఈక్యూ) పెట్టి వోకల్ వచ్చినప్పుడే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2 డీబీ దిగేలా సైడ్‌చెయిన్ చేస్తే, అంటే దాన్ని వోకల్‌తో నడిపిస్తే, వినేవాళ్ళకి తెలియనే తెలియదు.

రివర్బ్ (గది మోత ఎఫెక్ట్) ఒక సెకనులోపు ఉండే ప్లేట్ రకం, సెండ్‌లో (వేరే ట్రాక్ మీద పెట్టి, వోకల్‌ని కొంత అక్కడికి పంపి), కింద బేస్ కోసి. డిలేకి లెక్క సింపుల్, 60000ని బీపీఎంతో భాగించండి, 90 బీపీఎంకి ఒక బీట్ 667 మిల్లీసెకన్లు, సగం 333. వర్స్ అంతా డిలే పారించే కన్నా లైన్ చివరి మాట మీద మాత్రమే విసిరితే దెబ్బ బాగా తగులుతుంది.

వాల్యూమ్ బాగా తగ్గించి వినండి, అప్పుడూ ప్రతి మాటా అర్థమవ్వాలి. ఫోన్ స్పీకర్‌లో, మోనోలో కూడా చూడండి. నచ్చిన ట్రాక్‌తో పోల్చేటప్పుడు రెండిటి లౌడ్‌నెస్ సమానం చేయండి, లేకపోతే గట్టిగా ఉన్నదే ఎప్పుడూ గెలుస్తుంది. చివర్లో లిమిటర్ (సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపేది) సీలింగ్ -1 డీబీ. స్పాటిఫై మామూలుగా -14 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలత) దగ్గరకి సర్దేస్తుంది కాబట్టి లౌడ్‌నెస్ కోసం పంచ్‌ని నలిపేయకండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వోకల్ లేనిది, ఒట్టి వోకల్, యాడ్‌లిబ్స్ (మధ్యమధ్యలో వేసే చిన్న అరుపులు, మాటలు) మాత్రమే ఉన్నది, మూడూ తీసి పెట్టుకోండి, స్టేజ్ మీద అవే కావాలి.