బెంగళూరు నుంచి అర్కావతి లోయకు: సద్దులేని సైకిల్ దారిని ఎంచుకోవడం ఎలా?

బెంగళూరులో కొత్తగా సైకిల్ కొన్న మనవాళ్లు ఆదివారం తెల్లవారుజామున ముందుగా పరుగెత్తేది నంది కొండకే. 1,478 మీటర్ల ఎత్తున్న కొండ, పైగా నెల్లూరు దాకా వెళ్లే మన పెన్న పుట్టేది ఆ చుట్టుపక్కలే కాబట్టి ఆ మోజు సహజమే. అయితే సూర్యోదయం చూడాలని వచ్చే కార్లు, బైకులు కూడా అదే దారి పడతాయి. చెవిలో హారన్ మోత లేకుండా తొక్కాలనుకుంటే అదే కొండల్లో పుట్టిన ఇంకో నదిని పట్టుకోండి. దాని పేరు అర్కావతి.

ఈ నది నంది కొండల నుంచి బయలుదేరి, హెసరఘట్ట చెరువు మీదుగా నగరానికి పడమటి వైపు దిగుతుంది. తిప్పగొండనహళ్లి దగ్గర కుముద్వతి వచ్చి కలుస్తుంది. ఆ రెండు నీళ్లూ కలిసే చోట కట్టిన జలాశయమే 1933 నుంచి చాలాకాలం నగరానికి తాగునీరిచ్చింది. ఆ తర్వాత మంచనబెలె డ్యాం, రామనగర, కనకపుర దాటి, సంగమ అనే చోట కావేరిలో కలిసిపోతుంది. సైకిల్‌కు అన్నిటికన్నా బాగుండేది తిప్పగొండనహళ్లికీ రామనగరకూ మధ్య భాగం. ఒకపక్క సావనదుర్గ ఏకశిల కొండ, మరోపక్క రాగి చేలు, మల్బరీ తోటలు, మధ్యలో నీళ్లు.

ముందు రోడ్డును ప్రశ్నించండి

మ్యాప్ తెరవగానే చాలామంది దూరం చూస్తారు, తర్వాత ఫొటోలు చూస్తారు. ఆ రెండూ తర్వాత. మొదట అడగాల్సింది ఒకటే: ఈ రోడ్డు మీదకు లారీ ఎందుకు వస్తుంది? కారు ఎందుకు వస్తుంది?

రోడ్డు రెండు పట్టణాలను కలుపుతుంటే బస్సులు, సరుకు బండ్లు తప్పవు. మాగడి రోడ్డు అలాంటిదే. పచ్చగా ఉన్నా సైకిల్‌కు హాయి తక్కువ. రోడ్డు చివర క్వారీ ఉంటే టిప్పర్లు వస్తాయి. ఇది మ్యాప్‌లో పేరు పెట్టి కనిపించదు గానీ, శాటిలైట్ చిత్రంలో కొండ పక్కన తెల్లగా, బూడిద రంగులో గొయ్యి కనిపిస్తే అదే. రామనగర, మాగడి ప్రాంతమంతా గ్రానైట్ రాయి కాబట్టి ఈ పరిశీలన ఇక్కడ తప్పనిసరి. రోడ్డు రిసార్టుల దగ్గర ఆగిపోతుంటే శని, ఆదివారాల్లో ఎండెక్కాక కార్లు పెరుగుతాయి. ఈ మూడూ లేకుండా రెండు మూడు పల్లెలను కలిపి, పొలాల మధ్య మెలికలు తిరుగుతూ పోయే సన్నని తారు రోడ్డు దొరికిందంటే, పాల వ్యాను, ఒకటీ అరా ట్రాక్టరు తప్ప మీకు పోటీ ఉండదు.

ఇంకో మాట. నది పక్కన వెళ్లే రోడ్డల్లా అందమైనది కాదు. అర్కావతికే ఉపనది అయిన వృషభావతి మైసూరు రోడ్డు పొడవునా పారుతుంది. నగరం మురుగంతా మోసుకెళ్లే ఆ కాలువ పక్కన తొక్కితే ముక్కు మూసుకోవడానికి ఒక చెయ్యి కేటాయించాలి. మ్యాప్‌లో నీలం గీత చూసి మురిసిపోకండి.

అనుకున్న దారిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ఆధారంగా పనిచేసే ఏదైనా యాప్‌లో గీసి, ఫోన్‌లో ఆఫ్‌లైన్‌గా దాచుకోండి. లోయలోకి దిగాక సిగ్నల్ ఉంటుందని నమ్మకం లేదు.

మొదటిసారికి ఒక దారి

నగరానికి నైరుతి కొసనున్న కెంగేరి నుంచి మొదలుపెట్టండి. మైసూరు రోడ్డు మీద కుంబళగోడు వైపు కొన్ని కిలోమీటర్లు తొక్కక తప్పదు, ఈ దారి మొత్తంలో ఇష్టం లేని భాగం ఇదే. బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ వే ప్రధాన మార్గంలోకి 2023 ఆగస్టు 1 నుంచి బైకులకు, ఆటోలకు, మోటారు లేని బండ్లకు ప్రవేశం లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డే మీది. ఫ్లైఓవర్ ఎక్కే చోట పొరపాటున కుడివైపుకు జరిగితే ప్రధాన మార్గంలో తేలతారు, ఎడమనే పట్టుకుని ఉండండి.

అక్కడి నుంచి రామోహళ్లి మీదుగా కుడివైపు తిరిగితే దొడ్డ ఆలద మర వస్తుంది. నాలుగు వందల ఏళ్ల నాటిదని చెప్పే పెద్ద మర్రిచెట్టు ఇది, సుమారు మూడు ఎకరాల్లో పరుచుకుంది. అసలు మాను తెగులు సోకి ఎప్పుడో పోయింది, ఇప్పుడు ఉన్నదంతా ఊడలు దిగి మానులైనవే. పొద్దున్నే అక్కడ కోతుల రాజ్యం. హ్యాండిల్‌కు అరటిపండ్ల సంచి తగిలించి సైకిల్ వదిలి వెళ్లారో, తిరిగొచ్చేసరికి తొక్కలే మిగులుతాయి.

మర్రి దాటాక మంచనబెలె వైపు దారి తీసుకోండి. ఇక్కడి నుంచే నిజమైన ప్రయాణం. రోడ్డు సన్నబడుతుంది, పల్లెలు దూరమవుతాయి, మెల్లగా దిగుతూ వెళ్తారు. డ్యాం దగ్గరికొచ్చేసరికి ఎదురుగా గుండ్రాళ్ల కొండలు, కింద నీళ్లు. కెంగేరి నుంచి ఇక్కడికి వచ్చి అదే దారిన వెనక్కి వెళ్తే మొత్తం 60 కిలోమీటర్ల లోపే. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇది చాలు.

కాళ్లలో సత్తువ ఉంటే మంచనబెలె నుంచి సావనదుర్గ దాకా వెళ్లండి. ఈ ముక్కలో అడవి, ఎత్తుపల్లాలు రెండూ ఎక్కువే. సావనదుర్గ అడవిలో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. కాబట్టి పూర్తిగా తెల్లవారాకే ఆ రోడ్డు మీద అడుగుపెట్టేలా లెక్క వేసుకోండి. తిరుగు ప్రయాణంలో ఆకలేస్తే మంచనబెలె నుంచి బిడది వైపు దిగొచ్చు. బిడది తట్టె ఇడ్లీకి పేరున్న ఊరు, పళ్లెమంత ఇడ్లీ రెండు తిన్నాక కెంగేరి దగ్గరే అనిపిస్తుంది. బిడది చుట్టూ ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి ఈ దారి ఆదివారానికే బాగుంటుంది.

డ్యాం నీళ్లలోకి మాత్రం దిగకండి. పైకి నిశ్చలంగా కనిపిస్తుంది, ఒడ్డు దాటగానే లోతు. ఈత కోసం దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

ఎక్కడ ఉంటున్నారో చూసుకుని బయలుదేరండి

మనవాళ్లు ఎక్కువగా ఉండేది మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు. అక్కడి నుంచి కెంగేరి అంటే నగరం ఒక కొస నుంచి మరో కొసకు అడ్డంగా దాటడమే. పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ నుంచి కెంగేరి దాటి చల్లఘట్ట దాకా వెళ్తుంది గానీ, అందులోకి మడత సైకిళ్లనే రానిస్తారు. మామూలు సైకిల్ ఉన్నవాళ్లు ముందు చక్రం ఊడదీసి, కారు వెనక సీటు మడిచి పెట్టుకుని రావడం మేలు. ఇద్దరు కలిస్తే పెట్రోలు ఖర్చూ సగమవుతుంది, నిద్ర లేపే మనిషీ ఉంటారు.

సమయం, గాలి, ఎత్తు

జనవరిలో ఇక్కడ సూర్యోదయం 6.45 ప్రాంతంలో, జూన్ మొదట్లో 5.55కు కాస్త అటూఇటూ. వెలుతురు రావడానికీ మీరు మర్రిచెట్టు చేరడానికీ సరిపోయేలా ఇంట్లోంచి బయలుదేరండి. ఎనిమిదిన్నర దాటాక ఎంత చిన్న రోడ్డయినా రద్దీ మొదలవుతుంది.

సైకిల్ తొక్కేవాళ్లు వాన గురించి బాగా ఆలోచిస్తారు గానీ గాలిని పట్టించుకోరు. జూన్ నుంచి ఆగస్టు దాకా బెంగళూరు మీద పడమటి గాలి జోరుగా వీస్తుంది. మన దారి పడమటికే కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. ఇది మంచి బేరం. ఎందుకంటే బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, లోయ దానికన్నా కింద. వెళ్లేటప్పుడు దిగుడు, అలసిపోయి వచ్చేటప్పుడు ఎక్కుడు. ఆ ఎక్కుడులో గాలి సాయం ఉంటే అదృష్టమే. చలికాలంలో గాలి తూర్పు నుంచి వీస్తుంది, అప్పుడు తిరుగు ప్రయాణంలో ఎక్కుడుకు ఎదురుగాలి తోడవుతుంది. డిసెంబర్‌లో వెళ్తే సగం దూరంలోనే సగానికి మించి శక్తి ఖర్చు చేయకండి.

కంటికి మాత్రం అక్టోబర్ చివర, నవంబర్ బాగుంటాయి. వానలు వెనకబడతాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, రాగి వెన్నులు పండుతుంటాయి.

సైకిల్ మీద ఏముండాలి

ఖరీదైన సైకిల్ అక్కర్లేదు, టైర్లు కాస్త వెడల్పు ఉండాలి. 23 మిల్లీమీటర్ల సన్న టైర్లు ఈ పల్లె రోడ్లకు పనికిరావు. రోడ్ బైక్ అయితే 28 లేదా 32, హైబ్రిడ్ అయితే 35 పైన పెట్టుకోండి.

స్పేర్ ట్యూబు, టైరు తీసే లీవర్లు, చిన్న పంపు కచ్చితంగా ఉండాలి. పల్లెల్లో పంచర్ షాపులు ఉంటాయి, కానీ అవి మోటారు సైకిళ్ల కోసం. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటే వాళ్ల గాలి గొట్టం దానికి పట్టదు. మార్చి పెట్టే ఇత్తడి అడాప్టర్ సైకిల్ షాపులో చవకగా దొరుకుతుంది, ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, బెల్లు గురించి వేరే చెప్పాల్సిన పని లేదు.

నీళ్లు రెండు సీసాలు, అందులో ఒకదాంట్లో ఓఆర్ఎస్ కలుపుకోండి. అరటిపండ్లు, పల్లీ చిక్కీ చాలు. ఖరీదైన ఎనర్జీ జెల్లులు ఈ దూరానికి దండగ. దారిలో కొబ్బరి బోండాం కావాలంటే ‘ఎళనీరు’ అని అడగండి.

దారిలో ఎదురయ్యేవి

పంట కోతల తర్వాత, ముఖ్యంగా నవంబర్ నుంచి జనవరి దాకా, రైతులు రాగి, ఉలవ కట్టెను రోడ్డు మీదే పరిచి బండ్ల చక్రాలతో నూర్పిస్తారు. కార్లవాళ్లకు అది పట్టదు. సైకిల్‌కు మాత్రం ఆ కాడలు గేర్లలో చుట్టుకుంటే డిరైలర్ (గొలుసును ఒక గేరు నుంచి మరో గేరుకు మార్చే భాగం) వంగిపోతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. మలుపు తిరగగానే అలాంటిది కనిపిస్తే సడన్ బ్రేకు వేయకండి, చక్రం జారుతుంది. వేగం తగ్గించి దిగి, సైకిల్‌ను ఎత్తుకుని పక్కనుంచి నడిచి దాటండి. వాళ్లది ఏడాది పంట, తొక్కుకుంటూ పోవడం మర్యాద కూడా కాదు.

కుక్కలు వెంటపడితే పరుగు పందెం పెట్టుకోవద్దు. ఆగి, దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య ఉంచి నాలుగడుగులు నడిస్తే చాలావరకు దానికి ఆసక్తి పోతుంది. స్పీడ్ బ్రేకర్లకు తెల్ల గీతలు ఉంటాయని ఆశపడకండి. ప్రతి ఊరి మొదట్లో, బడి ముందు, గుడి ముందు ఒకటి ఉంటుందనే అనుకుని తొక్కండి.

దారి అడగడానికి కన్నడ నాలుగు ముక్కలు వస్తే టెన్షన్ ఉండదు. ‘ఎడగడె’ ఎడమకు, ‘బలగడె’ కుడికి. ‘రోడ్డు చెన్నాగిదెయా?’ అని అడిగితే ముందున్న రోడ్డు బాగుందో లేదో చెప్తారు. ఏదైనా జరిగితే అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112.

తూర్పు వైపువాళ్లకు, ఇంకా దూరం వెళ్లేవాళ్లకు

కెంగేరి దాకా రావడం కుదరని వారం దేవనహళ్లి నుంచి మొదలుపెట్టండి. నంది కొండ ఎక్కే పని పెట్టుకోకుండా, ఆవతి మీదుగా కొండ చుట్టూ ఉన్న పల్లె రోడ్లు పట్టి, కొండ కింది నంది గ్రామంలోని భోగ నందీశ్వర ఆలయం దాకా వెళ్లి రావొచ్చు. ద్రాక్ష తోటలు, దేవనహళ్లి పంపర పనసలు, విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్లి అన్నీ ఆ చుట్టుపక్కలే. చిక్కబళ్లాపుర జిల్లాలో చాలా ఊళ్లలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది.

మంచనబెలె అలవాటయ్యాక అర్కావతి చివరి దాకా వెళ్లాలనిపిస్తే కనకపుర నుంచి సంగమకు వెళ్లొచ్చు. అక్కడ అర్కావతి కావేరిలో కలుస్తుంది. రోడ్డు చివరి భాగం కావేరి అభయారణ్యంలోంచి చాలా దూరం దిగుతుంది, ఏనుగులు తిరిగే చోటు. దిగిన ప్రతి మీటరూ మళ్లీ ఎక్కాలి కాబట్టి కారును కనకపురలో పెట్టి, అక్కడి నుంచి గుంపుగా తొక్కండి. మధ్యాహ్నం ఎండలో ఆ ఎక్కుడు పెట్టుకోకండి, పది గంటలకల్లా సంగమ నుంచి వెనక్కి తిరగండి.