ఇంజిన్ మార్చాక లారీ స్టార్ట్ కాకపోతే ముందు ఏం చూడాలి

ఒంగోలు కర్నూలు రోడ్డులో మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా చీమకుర్తి గ్రానైట్ బళ్ళే. రాళ్ళు మోసి మోసి ఇంజిన్ పోతుంది. కటింగుకు పోయిన బండిలోంచి ఇంకో ఇంజిన్ తెచ్చి వేయమంటాడు ఓనరు. పాత టాటా 1612 లారీలో దాని 697 ఇంజిన్ తీసేసి కమిన్స్ 6బీటీ ఇంజిన్ పెట్టడం లాంటివన్నమాట. అంతా బిగించి కీ తిప్పితే బండి పలకదు. "ఇంజిన్ అమ్మినోడు ముంచాడన్నా" అని ఓనరు మొదలుపెడతాడు. పక్కనున్నోళ్ళు ఇంజిన్‌కు డీజిల్ కొట్టే పంపు విప్పమంటారు.

పంపు విప్పొద్దు. కొనేటప్పుడు ఆ ఇంజిన్ నడవడం మీరు చెవులారా విని ఉంటే, అది నిన్న బాగుండి ఇవాళ చెడిపోయే అవకాశం తక్కువ. మనం ఊడదీసి మళ్ళీ కలిపినవేంటో ఒకసారి లెక్కేసుకోండి: ఎర్త్, కరెంటు వైర్లు, డీజిల్ పైపులు, ఇంజిన్ ఆపే స్టాప్ లివర్. తప్పు దాదాపు ఎప్పుడూ వీటిలోనే దొరుకుతుంది.

సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) కొట్టే ముందు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా ఆగిపోతే బలవంతం చేయొద్దు. నెలల తరబడి బయట పడున్న ఇంజిన్ సిలిండర్లో నీళ్ళు చేరి ఉండొచ్చు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి నీళ్ళు బయటికి పోనివ్వండి. అది చూడకుండా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇక కీ తిప్పితే టక్‌మని ఆగిపోతోందా, లేదా ఈడ్చుకుంటూ తిరుగుతోందా? అయితే నేను బ్యాటరీ కంటే ముందు ఎర్త్ చూస్తాను. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి, ఛాసిస్‌కు ఇంజిన్‌కు మధ్య లావుపాటి ఎర్త్ కేబుల్ లేకపోతే కరెంటుకు తిరిగి పోయే దారి లేదు. ఇంజిన్ దించేటప్పుడు ఊడదీసిన ఆ కేబుల్ ఏ మూలో పడి ఉంటుంది. బిగించినా సుఖం లేదు ఒక్కోసారి. ఇంజిన్ బయట ఉంది కదా అని ఓనర్లు ఛాసిస్‌కు రంగు కొట్టిస్తారు, కేబుల్ చివరి లగ్గు ఆ రంగు మీదే కూర్చుంటుంది. చూడ్డానికి కొత్త బండి, కరెంటు మాత్రం పోదు. ఇంకో గుర్తు చెప్తాను. సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో వేడెక్కుతుంటే మీకు ఎర్త్ లేనట్టే. కరెంటు ఆ సన్న తీగ వెంట దారి వెతుక్కుంటోంది.

మల్టీమీటర్ ఉంటే ఊహించే పనే లేదు. ఒక ముల్లు బ్యాటరీ మైనస్ బిళ్ళకు, ఇంకోటి ఇంజిన్ బ్లాకు మీద గీకిన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో అడ్డు ఉంది. మీటర్ లేకపోతే జంప్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా బ్లాకుకు కలిపి కొట్టండి. అప్పుడు సెల్ఫ్ రయ్యిమని తిరిగితే జవాబు దొరికినట్టే. లగ్గు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి బిగించండి. చీమకుర్తి బళ్ళకైతే గ్రానైట్ దుమ్ము కూడా తుడవాలి, బిళ్ళల కింద పేరుకుపోతుంది.

ఎర్త్ బాగున్నాకే బ్యాటరీలు. పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24. ఊరికే ఉన్నప్పుడు 25 పైన చూపించాలి, సెల్ఫ్ తిరిగేటప్పుడు 18కి దిగువకు పడకూడదు. టక్ శబ్దం కూడా రాకపోతే, సెల్ఫ్ మీద కీ నుంచి వచ్చే సన్న వైరు దగ్గర 24 వోల్టుల బల్బు పెట్టి కీ తిప్పించండి. బల్బు వెలిగితే సోలినాయిడ్ (సెల్ఫ్ మీదుండే కరెంటు అయస్కాంతం స్విచ్) చూడాలి, వెలగకపోతే తప్పు వైరింగులోనో కీ స్విచ్‌లోనో ఉంది. సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజిన్ కదలకపోతే పాత ఇంజిన్ సెల్ఫ్ కొత్త ఫ్లైవీల్‌కు వేశారేమో చూడండి, పళ్ళు కలవవు.

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, బండి మాత్రం అందుకోవడం లేదు. ఇప్పుడు ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. పొగ అసలు రావడం లేదంటే సిలిండర్లోకి డీజిల్ పోవడం లేదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ పోతోంది, కాలడం లేదు.

పొగ లేకపోతే నేను మొదట చూసేది స్టాప్ లివర్. మార్పిడి బళ్ళలో ఇక్కడే మోసపోతాం. పాత బళ్ళలో ఇంజిన్ ఆపడానికి డాష్‌బోర్డులో లాగే కేబుల్ ఉంటుంది. కొత్తగా తెచ్చిన ఇంజిన్‌కు దాని బదులు కరెంటు సోలినాయిడ్ ఉండొచ్చు. పాత వైరింగులో దానికి వైరే ఉండదు! కరెంటు అందనంత సేపూ లివర్ ఆపేసిన స్థితిలోనే ఉండి డీజిల్‌ను వదలదు. ఒక మనిషి ఆ లివర్‌ను రన్ వైపు చేత్తో పట్టుకోవాలి, ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. పొగ వచ్చిందా, అసలు సంగతి తేలిపోయింది. ఇంజిన్ అందుకుంటే లివర్ వదిలేస్తే ఆగిపోతుంది. మూడు వైర్ల సోలినాయిడ్ అయితే లాగే కాయిల్‌కు సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రమే, పట్టి ఉంచే కాయిల్‌కు కీ ఆన్‌లో ఉన్నంతసేపూ కరెంటు కావాలి. లాగే కాయిల్‌కు రిలే పెట్టండి, కీ నుంచి నేరుగా ఇస్తే కీ స్విచ్ కాలిపోతుంది.

లివర్ బాగుంటే ఎయిర్ పట్టింది, అంటే డీజిల్ పైపుల్లో గాలి చేరింది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో చిన్న సందు ఉన్నా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే తడి కనపడలేదు కాబట్టి బాగుందనుకోవద్దు. పాత రాగి వాషర్లు మళ్ళీ వేయొద్దు, పది రూపాయల వస్తువు కోసం రోజంతా పోతుంది. అనుమానం తీరాలంటే ఒక శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, ఫీడ్ పంపు కంటే ఎత్తులో పెట్టి, పారదర్శకమైన గొట్టంతో పంపుకు కలపండి. బండి అందుకుంటే తప్పు ట్యాంకు వైపు ఉంది. ట్యాంకు దగ్గర సప్లై, రిటర్న్ తారుమారయ్యాయేమో కూడా చూడండి. చాలా ట్యాంకుల్లో రిటర్న్ పైపు అడుగుదాకా పోదు, డీజిల్ కాస్త తగ్గితే గాలి పీలుస్తుంది.

ఎయిర్ తీసేటప్పుడు ముందు ఫిల్టర్ మీది బ్లీడ్ బోల్టు వదులు చేసి, బుడగలు పోయి నిండు డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ కొట్టి బిగించండి. తర్వాత పంపు దగ్గర అదే పని. చివరకు నాజిల్ పైపు నట్లు రెండో మూడో వదులు చేసి సెల్ఫ్ కొట్టి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చిమ్మే చోట చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. సెల్ఫ్ కూడా ఒక్కసారికి పదిహేను ఇరవై సెకన్లు, తర్వాత రెండు నిమిషాలు విశ్రాంతి. ఇదంతా పంపు, పైపులున్న పాత రకం ఇంజిన్లకే. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్4 పొగ నిబంధనలు వచ్చాయి. ఆ తర్వాతి కామన్ రైల్ ఇంజిన్లలో (ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో డీజిల్ ఉంచి, కంప్యూటర్ చెప్పినప్పుడు చిమ్మేవి) నాజిల్ పైపులు వదులు చేసే ఆలోచనే చేయొద్దు. వాటిలో ముందు ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌కు కరెంటు, క్రాంక్ సెన్సర్ వైరు చూడాలి.

తెల్ల పొగ వస్తే, సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందేమో మళ్ళీ చూడండి. వేగం లేకపోతే డీజిల్ అంటుకునే వేడి పుట్టదు. అది కాదంటే నాజిల్ పైపుల క్రమం. ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో డీజిల్ మండే వరుస 1-5-3-6-2-4. అదీ బాగుంటే అప్పుడు పంపు టైమింగ్, అంటే పంపు డీజిల్ కొట్టే సమయం. పంపు ఇంజిన్ వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి, ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద కాకుండా ఎగ్జాస్ట్ మీద పైకి వచ్చినప్పుడు కలిపితే గుర్తులు కుదిరినట్టే కనపడి బండి పలకదు.

పెట్రోలు గుడ్డ గాలి గొట్టంలో పెట్టే పని మాత్రం నా షెడ్డులో చేయనివ్వను. గాలి వేడి చేసే హీటర్ ఉన్న ఇంజిన్‌లో అది అక్కడే భగ్గుమంటుంది.

బండి అందుకోగానే ఆయిల్ గేజి చూడండి, పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ గొట్టం మూసేంత చెక్క ముక్క ఒకటి పక్కన పెట్టుకోండి. ఇంజిన్ అదుపు తప్పి అరిస్తే గాలి మూయడమే దారి. అరచేయి అడ్డం పెట్టొద్దు. ఛార్జింగ్ 27, 28 వోల్టులు చూపిస్తే రెండు గంటలు నడిపి, బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. లోడు ఎక్కించే ముందు ఆర్సీలో ఇంజిన్ నంబర్ మార్పించుకోండి.